చివరిదాకా వినని కథ

"కాస్త గట్టిగా చెప్పండమ్మా, వినపడట్లేదు."

కంప్యూటర్ మీంచి తల తిప్పకుండానే అంది వెబ్‌సైట్ అమ్మాయి. పాత కార్యక్రమాల వెబ్‌సైట్ చూసుకునే ఆమెను ఆ రేడియో స్టేషన్‌లో అందరూ పిలిచేది అలాగే.

ఎదుట నిలబడిన పెద్దావిడ మెడకు చుట్టుకున్న మఫ్లర్ సర్దుకుంది. ఆవిడకు గొంతు పెగలడమే కష్టంగా ఉంది. ఏదో పేరు చెప్పింది.

"ఇంకొక్కసారి."

మళ్లీ చెప్పింది. సగం గాలే వచ్చింది.

"అబ్బ, గట్టిగా అమ్మా!"

మూడోసారి చెప్పేటప్పుడు ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. పేరు మాత్రం స్పష్టంగా వచ్చింది.

అమ్మాయి సెర్చ్‌లో ఆ పేరు కొట్టింది. 'ఫలితాలు లేవు' అని చూపించింది.

"ఈ పేరుతో ఏమీ లేదండీ. ఎవరీమె, మీ చుట్టమా?"

"చుట్టమే అనుకో తల్లీ. మనవరాలికి వినిపిద్దామని... ఈ వారంలో దొరికితే బావుణ్ణు."

"పాత టేపుల్లో మనుషుల పేర్లు ఎవరూ ఎక్కించలేదు. పైగా సెర్చ్ ఇంకా సరిగ్గా పనిచేయట్లేదు. నంబరిచ్చి వెళ్లండి, వచ్చే వారం చూద్దాం."

పెద్దావిడ ఇంకేదో చెప్పబోయింది. గొంతు సహకరించలేదు. నంబరు రాసిచ్చి మెల్లగా వెళ్లిపోయింది.

ఆవిడ అటు వెళ్లిందో లేదో, స్టేషన్ పెద్దాయన ఇటు ఊడిపడ్డాడు.

"ఏమ్మా, ఒక్క పాట చూపించడానికి చాంతాడంత లింకా! ఈ క్వశ్చన్ మార్కులూ పర్సెంట్లూ రేడియోలో చదివితే జనం రేడియో కట్టేసి పడుకుంటారు. మేం నోటితో చెబితే వాళ్లు చేత్తో రాసుకునేలా ఉండాలి."

"అదే చేస్తున్నా సార్. పేజీకి పదేసి ఫలితాలు వచ్చేలా కూడా సరిచేస్తున్నా."

నిజానికి ఆ తొందర పెద్దాయనకన్నా ఆమెకే ఎక్కువ.

ఆమె తల్లిని ఎరగదు. నాన్నది రాత్రి డ్యూటీ. వెళ్లేముందు మంచం పక్కన రేడియో పెట్టి వెళ్లేవాడు. అందులో ఒకావిడ పిల్లలకు కథ చెప్పేది. "దుప్పటి కప్పుకున్నారా?" అని ఆవిడ అడిగితే, ఈ పిల్ల "ఊఁ" అని రేడియోకి జవాబిచ్చేది. ఆవిడకు 'కథల పిన్ని' అని తనే పేరు పెట్టుకుంది. కథ మాత్రం ఏనాడూ చివరిదాకా విన్న పాపాన పోలేదు. సగంలోనే నిద్ర ముంచుకొచ్చేది.

ఆ గొంతు ఒక్కసారి మళ్లీ వినాలి. ఈ ఉద్యోగంలో చేరిందే అందుకు. ఎక్కడ విన్నా ఇట్టే పోల్చుకుంటానని ఆమె ధీమా.

కానీ 'కథ' అని వెతికితే మొదటి పేజీయే గతి. రెండో పేజీ నొక్కగానే సెర్చ్ అడిగిన మాట మరిచిపోయి మళ్లీ మొదటికొచ్చేది.

ఆమె దాంతో కుస్తీ పట్టింది. అడిగిన మాటనూ పేజీ అంకెనూ లింకులోనే ఇమిడ్చింది. కథ స్లాష్ రెండు. కథ స్లాష్ మూడు. చిన్నపిల్లలు కూడా రాసుకోగలిగినంత పొట్టి లింకు.

అంతా సిద్ధమైన రోజున ఫోన్ మోగింది.

"మొన్న మా అమ్మ ఒక పేరు వెతకమని వచ్చింది కదండీ. ఇక తొందరేం లేదు, వీలైనప్పుడే చూడండి."

"అదేంటండీ?"

"నిన్న అమ్మకి గొంతు ఆపరేషన్ అయింది. ఇక మాట రాదు. ప్రాణం దక్కింది, మాకదే చాలు."

ఆమె మనసు చివుక్కుమంది. అంత బాధలో ఉన్న మనిషిని కసురుకోకుండా ఉండాల్సింది. ఆ పేరు దొరికేదాకా వెతకాలని అప్పుడే అనుకుంది.

ముందు తన కథల పిన్ని కోసం 'కథ' అని కొట్టి చూసింది. రెండో పేజీ వచ్చింది. మూడోది వచ్చింది. ఒక్కొక్క పేజీ తిప్పుకుంటూ, ఒక్కొక్క గొంతూ వింటూ, చివరి పేజీకి చేరింది. అట్టడుగున 'దారి తప్పిన మబ్బు' అని ఉంది. నొక్కింది.

"దుప్పటి కప్పుకున్నారా, బంగారాలూ?"

అదే గొంతు.

"ఊఁ" అంది ఆమె, ఎవరూ లేని గదిలో. ఏడుపొచ్చేసింది.

కథ సాగింది. చిన్నప్పుడు నిద్రపోయే చోటు వచ్చింది, దాటిపోయింది. మబ్బు ఎవరినెవరినో దారి అడిగి, ఏడ్చి, ఆఖరికి కొండ వెనక వాళ్లమ్మ దగ్గరికి చేరింది. అలా ముగుస్తుందని ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు.

"ఇంతసేపూ మీకు కథ చెప్పింది..." అంటూ ఆ గొంతు నవ్వుతూ తన పేరు చెప్పింది.

గట్టిగా చెప్పమని ఆ పెద్దావిడను కసురుకుంటూ తను మూడుసార్లు చెప్పించుకున్న పేరే అది.