దిగేవాడి తాళంచెవి

తమ్ముడి సంతకం తానే గీకి, ఉమ్మడి చేను అమ్ముకు తిన్న అన్న, ఇరుక్కున్న దుంగ తీయడానికి టర్బైన్ గుంటలోకి ఒక కాలు దించాడు. మున్సిపాలిటీ వాళ్ల ఆ చిన్న కరెంటు కేంద్రంలో ఆ పూట డ్యూటీ అన్నదమ్ములిద్దరిదే.

"నీళ్ల గేటు చక్రానికి తాళం వేశాను. తాళంచెవి దిగేవాడి దగ్గరుండాలి, అది రూలు. తీసుకో," అన్నాడు తమ్ముడు, ముఖం చూడకుండా.

"బురదలో పడితే ఎవడు వెతుకుతాడ్రా? నీ దగ్గరే ఉంచు."

"నేను గేటెత్తేస్తే?"

అన్న పకపకా నవ్వాడు. "నువ్వా! నీ సంగతి నాకు తెలీదట్రా?" అంటూ లోపలికి దిగిపోయాడు.

తాళంచెవి తమ్ముడి చేతిలోనే ఉండిపోయింది. చక్రం జానెడు దూరంలో ఉంది. గేటు సందుల్లోంచి నీళ్లు బుసకొడుతున్నాయి. తాళం తీసి ఒక్క తిప్పు తిప్పితే చాలు.

పరాయివాణ్ణి చేశాడు గనకే అన్న తనను ముంచాడని ఇన్నేళ్లూ కుమిలిపోయాడు. కాదు, తమ్ముడు గనకే ముంచాడు. వీడేమీ చెయ్యడని అంత గట్టి నమ్మకం.

"దుంగ ఊడిందిరా! తాడు కట్టాను, లాగు!" అని లోపల్నుంచి కేక.

తమ్ముడు పళ్లు బిగబట్టి, రెండు చేతులా తాడు లాగాడు.

ఆ నమ్మకానికి పోయింది ఎకరా పద్నాలుగు సెంట్లు, బావితో సహా.