నిమ్మకాయకు అంగుళం దూరంలో

మనిషి చేతికి స్టీరింగ్ ఇస్తే ప్రమాదమని తేల్చేశాక, సొంతంగా కారు నడుపుకునే భాగ్యం ఊరి బయట రేసు ట్రాకు మీదే మిగిలింది. అక్కడ దొరికే ఒక్క గంట కోసం పట్టాభి తన స్పోర్ట్స్ కారుకు ఖరీదైన బ్రేకు ప్యాడ్లు ఏరికోరి వేయించాడు. "కారే ఈకలా ఉంది, మామూలువి చాలు సార్" అని మెకానిక్ మొత్తుకున్నా వినలేదు.

బయల్దేరే ముందు భార్య నాగరత్నం టైర్ల ముందు నిమ్మకాయలు పెట్టింది. పట్టాభి ఎక్కి కూర్చోగానే కారు తనంతట తానే కదిలి, అంగుళం దూరంలో టక్కున ఆగింది.

"అడ్డుంది. తొలగేదాకా తలుపులు తెరవను" అంది కారు.

పాత ప్యాడ్లయితే, అది ఆగేలోపే నిమ్మకాయలు నలిగిపోయేవి!

పట్టాభి అద్దం బాదాడు. "అవి తీసెయ్యవే! నా టైము అయిపోతోంది!"

"తొక్కించకుండా తీస్తే అపశకునమండీ!" అంటూ ఆమె కంగారుగా కారు ముందు కర్పూరం వెలిగించి, కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది.

"ఎదురుగా మంట" అంది కారు. సీటు బెల్టు ఇంకాస్త బిగుసుకుంది. "కంగారు పడకండి. చాలా మంచి బ్రేకులు ఎంచుకున్నారు."