తల్లి లేని పిల్ల

“దాని తల్లి సచ్చిపోయింది బిడ్డా. పిల్లేమో ఎవ్వరు తాపినా పాలు తాగుతలేదు. నువ్వొస్తెనే బతుకుతది,” అన్నాడు గుర్వయ్య ఫోన్లో.

మహబూబ్‌నగర్ హాస్టల్లో అతని కూతురు మల్లిక పుస్తకం మీద నుంచి తల ఎత్తలేదు. ఎమ్మెస్సీ గణితం పరీక్షలు నెత్తి మీదున్నాయి.

“వేరే గొర్రెకు అలవాటు చెయ్యరాదు బాపూ?”

“చేసి సూసిన. ఒక్కటి గూడ దగ్గరికి రానిస్తలేదు, తంతున్నయ్.”

“నాకు పరీక్షలున్నయ్ గదా.”

“ఒక్క పూట వచ్చిపో. ఆడోళ్లకు బస్సుకు కిరాయి గూడ లేదాయె.”

గొర్లకాపరి బిడ్డకు ఎంత పెద్ద పరీక్షైనా ఆకలితో ఉన్న గొర్రెపిల్ల తర్వాతే. మల్లిక విసుక్కుంటూనే సంచి సర్దింది. అందులో బట్టలు ఒక జత, మిగతాదంతా పుస్తకాలే.

గదిలో తోడుండే ప్రణీత ఆ సంచి వంక చూసి, “గవన్నీ గొర్రెపిల్లకు సదివి వినిపిస్తవా?” అంది.

మల్లిక నవ్వలేదు. ఒకప్పుడు ఆ హాస్టల్లో అందరికంటే గట్టిగా నవ్వేది ఆమే. కాలేజీ త్రోబాల్ జట్టులో ఆడేది. ఆదివారమైతే ప్రణీతను బజారుకు లాక్కుపోయి మిర్చిబజ్జీలు తినిపించేది. ఇప్పుడు తిండీ నిద్రా మాని టీ మీద బతుకుతోంది. చదివింది గుర్తుండడం లేదని ఇంకా చదువుతోంది, ఇంకా చదివిన కొద్దీ ఉన్నది కూడా మరిచిపోతోంది. మొన్న లైబ్రరీ మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయింది. ఆ సాయంత్రమే తల్లికి ఫోన్ చేసి, “నాతోని కాదమ్మా, సదువు ఇడిసిపెడ్త,” అని ఏడ్చింది. నాలుగు రోజులు ఇంటికొచ్చి పొమ్మని బీరమ్మ బతిమాలితే మాత్రం, తీరిక లేదని ఫోన్ పెట్టేసింది.

అమ్రాబాద్ బస్సు దిగి ఊళ్లోకి వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. గుర్వయ్య దొడ్డి ముందే నిలబడి ఉన్నాడు. పలకరింపులు తర్వాత అన్నట్టు పిల్లను ఆమె ఒళ్లో పెట్టి, పాలసీసా చేతికిచ్చాడు. పిల్ల రెండుసార్లు మూతి తిప్పుకుంది. మూడోసారికి అందుకుంది.

“జర నిమ్మలంగ తాపు. ఉరికిచ్చి తాపితె పొలమారుతది,” అన్నాడు.

పాలు చిక్కగా సీసా అంచుకు అంటుకుంటున్నాయి.

“ఏం పాలే అమ్మా గివి?”

“బర్రెపాలు,” అంది బీరమ్మ, పొయ్యి దగ్గర నుంచే.

పక్కనున్న దామోదర్ కొట్టంలో ఒక గొర్రె ఆపకుండా అరుస్తోంది.

“గదెందుకు అట్ల మొత్తుకుంటాంది?”

“మీ దామోదర్ కాక దాని పిల్లను అమ్ముకున్నడు,” అన్నాడు గుర్వయ్య తాడు ముడి వేసుకుంటూ.

“పాపం. సరే, నేను పొద్దుగాల్ల బస్సుకు పోత,” అంది మల్లిక. చేతులు కడుక్కోవడానికి దామోదర్ కొట్టం వెనకున్న నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్లింది. వెళ్లిన మనిషి కాసేపు రానేలేదు. వచ్చాక పిల్లను మళ్లీ ఒళ్లోకి తీసుకుని, దాని చెవులు నిమురుతూ కూర్చుంది.

“ఎల్లుండి పోత తియ్యమ్మా,” అంది.

బీరమ్మ ఇంకో రొట్టెకు పిండి కలిపింది.

మర్నాడు పుస్తకం తెరిచింది గానీ, ఒళ్లో పిల్ల పడుకుంటే పేజీ తిప్పడానికి లేదు. కదిలితే అది లేస్తుంది, లేస్తే అరుస్తుంది. దాన్ని నిద్రపుచ్చుతూ పుచ్చుతూ మల్లిక కూడా నులకమంచం మీద ఒరిగిపోయింది. మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మీద తల్లి చీర కప్పి ఉంది.

“లేపరాదు బాపూ? పూటంతా పాయె.”

గుర్వయ్య దొడ్డిలో నీడకు చేరిన గొర్లను చూపించాడు. “గవి ఏం జేస్తున్నయో సూడు.”

“నెమరేస్తున్నయ్.”

“మందను పొద్దంత మేపుకుంట పోతమా? నడిమిట్ల నీడకు నిలుపుతం. నెమరెయ్యని మేత ఒంటికి పట్టది బిడ్డా. నీ సదువు సంగతి నాకు తెల్వదు, నాకు తెలిసింది చెప్పిన.”

సాయంత్రం మల్లిక, వారం రోజులుగా కొరుకుడు పడని లెక్క ఒకటి ముందేసుకుంది. అది తేలిగ్గానే తేలిపోయింది. నమ్మకం కుదరక మొదటి నుంచి పైకి చదివింది. వినడానికి ఒళ్లో గొర్రెపిల్ల తప్ప ఎవరూ లేరు. ప్రణీత మాట గుర్తొచ్చి పకపకా నవ్వింది. పొయ్యి దగ్గర బీరమ్మ చేతిలో రొట్టె ఆగిపోయింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో ఆ తల్లికే తెలుసు.

అప్పటికప్పుడే మల్లిక ప్రణీతకు ఫోన్ చేసింది. “ఆదివారం బజ్జీలకు పోదాం. త్రోబాల్ ఆటకు గూడ నా పేరు చెప్పు.”

ఆ తెల్లారి గుర్వయ్య పిల్లను భుజాన వేసుకుని బస్సు దాకా వచ్చాడు. రెండు రోజులుగా నాలుక చివరే ఉన్న మాట అడిగాడు. “మరి సదువు?”

“ఇడువ బాపూ. నెలకొకపారి ఇంటికొచ్చి పోత. పరీక్షలున్నా సరే.”

గుర్వయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుని, “పిల్లను మంచిగ బతికిచ్చినవు బిడ్డా. పాపం, తల్లి లేనిదాయె,” అన్నాడు.

మల్లిక పిల్ల నెత్తి నిమిరి బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదులుతుంటే తల బయటికి పెట్టి నవ్వింది.

“పోంగనే దామోదర్ కాక కొట్టంల నుంచి దీని తల్లిని తోలుకొచ్చుకో బాపూ.”