అన్న చూపించిన చోట

ఐర్లండు నుంచి ఓడలో వచ్చిన మా ముత్తాత మలాకీకి చదువు రాదు. న్యూయార్కు రేవులో అన్న కార్నీలియస్ అతన్ని కౌగిలించుకుని, ఒక కాగితం ముందు పెట్టాడు.

"రేవులో పని కోసంరా తమ్ముడూ. ఇక్కడ గీత గీయి."

మలాకీ గీశాడు. మర్నాడే అతనికి సైనికుడి నీలం కోటు తొడిగారు. అమెరికా అంతర్యుద్ధానికి పిలుపు వచ్చింది అన్నకి; తన బదులు ఇంకొకణ్ణి పంపొచ్చని అప్పటి చట్టం. ఆ గీతతో అన్నకు బదులు తమ్ముడు వెళ్లాడు.

రెండేళ్ల తర్వాత, మలాకీ ఎడమచెయ్యి పోగొట్టుకుని వచ్చి అన్న ఇంటి తలుపు తట్టాడు.

కార్నీలియస్ తల దించుకున్నాడు. "నలుగురు పిల్లలురా నాకు. చెబితే నువ్వు ఒప్పుకోవని భయపడ్డాను."

"ఒక్క మాట అడగలేకపోయావా అన్నా? నేనే వెళ్లేవాణ్ణి కదా!"

పిల్లల తలలు ఒంటిచేత్తో నిమిరి, మలాకీ వెళ్లిపోయాడు. బతికినన్నాళ్లూ మళ్లీ ఆ గడప తొక్కలేదు.