గోడవతల సన్నాయి

పందిట్లోకి అడుగు పెట్టబోతున్న సన్నాయి పుల్లయ్యకు పెండ్లికూతురి తండ్రి శివశంకర్ అడ్డమొచ్చాడు.

"యాడికి పోతాండావు పుల్లయ్యా? గోడవతల చాప ఏపిచ్చినా. సన్నాయికి గుడ్డ తెచ్చుకున్యావా?"

ఆయన పెద్ద కూతురి పెండ్లి కరోనా రోజుల్లో జరిగింది. ఊపిరి తుంపర్లు ఎగరకుండా సన్నాయి మూతికి గుడ్డ కట్టి, పుల్లయ్య గోడవతల నుంచే ఊదాడు. అందరి మేలుకే కదా అని ఇష్టంగానే ఊదాడు.

"కరోనా పోయె గదా సామీ!"

"పోయింది. ఆ పద్ధతే శానా బాగుండాదని మా కులమోళ్లంతా అంటాండారు."

"అది తుంపర్లకు గదా సామీ..."

"తుంపర్లకే అనుకున్యావా?" శివశంకర్ నవ్వాడు.

పుల్లయ్య గోడవతలికి వెళ్లి చాప మీద కూర్చున్నాడు. పక్కన డోలుతో బావమరిది ఓబులేసు.

తాళి కట్టే వేళకు పందిట్లో ఎవరో ఆపకుండా తుమ్మసాగారు. అపశకునమని కంగారుపడి పురోహితుడు "గట్టిమేళం! గట్టిమేళం!" అని కేకలేశాడు.

"ఊదొద్దు బావా," అన్నాడు ఓబులేసు, డోలు ముట్టకుండా. "ఆ తుమ్ములు అందరూ ఇననీ."

"పాపేం చేసిందిరా?" అని పుల్లయ్య, ఒక్క తుమ్మూ పెండ్లికూతురి చెవిన పడకుండా, ఊపిరంతా పోసి ఊదాడు.