పది సెంటీమీటర్లు

మూడు ఉత్తరాలు రాశాం. మూడింటికీ ఒకటే జవాబు: "ఆ గౌరవం నాకొద్దండి."

లాంగ్ జంప్‌లో ముప్పై ఏళ్లుగా ఎవరూ దాటని రికార్డు ఆవిడది. హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఫోటో పెడతామంటే వద్దనేవాళ్లుంటారా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే బాపతని అనుమానం వచ్చింది. మందులేవో వాడే ఉంటుంది. జీవితమంతా మైదానాల్లో కొలతలు తీసినవాణ్ణి, తేడా ఉంటే వాసన పట్టేస్తాను. కమిటీ తరఫున నేనే వెళ్లాను.

ఆవిడ కుట్టుమిషను ఆపి మంచినీళ్లిచ్చింది.

"ఏం దాస్తున్నారమ్మా?" సూటిగానే అడిగాను.

"ఆ రికార్డు తప్పండి. ఆ రోజు టేపు మొదలు తెగిపోయి ఉంది. పది సెంటీమీటర్ల గీత దగ్గర పట్టుకుని కొలిచి, అందరికీ పది తీసేసి చెప్పారు. నేను దూకాక ఆ చప్పట్ల హోరులో తీసేయడం మర్చిపోయారు."

"మరి ఇన్నేళ్లూ నోరు మెదపలేదేం? ఊరికే వచ్చిన పది సెంటీమీటర్లు తియ్యగా ఉన్నాయా?"

"చెబుదామనే వెళ్లానండి. కొలిచినాయనకి అదే మొదటి పోటీ అట. తప్పు బయటపడితే ఆయన్ని మళ్లీ టేపు ముట్టుకోనివ్వరని అక్కడెవరో అనుకుంటుంటే విన్నాను. పది తీసేసినా పతకం నాదే కదా అని ఊరుకున్నాను. ఊరుకున్నానే గానీ, దాన్ని గోడకెక్కిస్తే ఎలాగండీ?"

"ఎవరా ప్రబుద్ధుడు? చెప్పండి, రాసుకుంటాను." పెన్ను తీశాను.

ఆవిడ మెడలోని కుట్టుపని టేపు తీసి, మెల్లగా చుట్టసాగింది.

"మీకప్పుడు నల్లటి మీసాలుండేవి, మాస్టారూ."