ఇరవై నాలుగో మీట

పాటల స్టూడియోలో మిక్సింగ్ బల్ల మీద ఇరవై నాలుగు మీటలు. గొంతుకొకటి, వయొలిన్‌కొకటి, డ్రమ్ముకొకటి. నిర్మాత ఎవరైనా పక్కన చేరి సలహాలు మొదలుపెడితే, సౌండు మాస్టారు ఇరవై నాలుగోది అతని చేతికిచ్చేవారు.

"మీరే పెంచండి సార్. మీ చెవి ముందు మాదెంత?"

నిర్మాత పెంచేవాడు, తగ్గించేవాడు, ఇప్పుడు పాటకి ప్రాణం వచ్చిందని మురిసిపోయేవాడు. ఆ మీటకి బల్ల వెనక వైరే తగిలించి ఉండేది కాదు. పొరపాటున ఎవరూ తగిలించకుండా ఆ వైరుకి మాస్టారు పచ్చదారం కట్టి ఉంచారు.

ఆ గుట్టు ఆయన చెప్పింది కూతురొక్కదానికే. ఇంటిల్లిపాదిలో మొదటి డిగ్రీ ఆమెది. బీరువా అంత కంప్యూటరుతో పాటు అదే స్టూడియోలో ఉద్యోగానికి వచ్చింది. ఏ మీట ఎప్పుడు ఎంత కదిలిందో అది గుర్తుపెట్టుకుంటుంది. తప్పుంటే దిద్ది, మీట ముట్టకుండానే మళ్లీ వినిపించవచ్చు.

ఈమధ్య మాస్టారి పాటలు చెవిలో గుచ్చుకుంటున్నాయని గాయకులు అంటున్నారట. మూడు పాటలు చూస్తానని, బాగుంటే సరే, లేదంటే ఇక ఇంటికేనని ఓనరు మొహం మీదే చెప్పేశాడు.

"నాన్నా, ఒకసారి చెవుల డాక్టరుకి చూపించుకుందామా?"

"నేను గుండ్రాయిలా ఉన్నాను. చూపించాల్సింది నీ బీరువాని. పాపం, దానికి చెవులే లేవు."



ప్రతి పాటకీ ముందురోజు సాధన. అది ముగించి ఆయన ఇంటికెళ్లినా, ఆమె ఇంకాసేపు యంత్రం ముందే ఉండేది. మర్నాడు ఓనరు ముందు మాస్టారు కళ్లు మూసుకుని మీటలు కదిపేవారు. ఆ చెయ్యి ఎప్పుడూ ఒకే చోట లేచేది, ఒకే చోట దిగేది.

మూడో పాటకి గాయని కళ్లు తుడుచుకుంది. మళ్లీ ఇన్నాళ్లకి మీ చెయ్యి పడింది మాస్టారూ, అంది. ఓనరు లేచి వచ్చి చెయ్యి కలిపాడు. మాస్టారు అందరూ వినేలా కూతురితో అన్నారు:

"చూశావుటే? గుర్తుపెట్టుకోవడం వేరు, వినడం వేరు."

"అవును నాన్నా" అంది ఆమె, తలెత్తకుండా.

అందరూ టీకి వెళ్లారు. లేవబోతుంటే మాస్టారి కళ్లజోడు బల్ల వెనక్కి జారిపోయింది. మోకాళ్ల మీద వంగి, తడిమి, తీసి పెట్టుకున్నారు.

ఇరవై నాలుగు వైర్లకూ పచ్చదారం కట్టి ఉంది.